డాండెలియన్లలో ఏది ఏదో తేల్చాలంటే గింజ చూడండి

డాండెలియన్ అంటే పసుపు పూలు పూసే ఒక చిన్న మొక్క, అందులో రకాలున్నాయి. ఆకు చూడగానే ఇది ఫలానా డాండెలియన్ అని చెప్పేసేవాళ్లు చాలామందే ఉన్నారు, నన్నడిగితే ఆ తొందర వద్దు. మామూలు డాండెలియన్, అంటే టారక్సాకమ్ అఫిసినాలె, ఎర్రగింజ రకం టారక్సాకమ్ ఎరిత్రోస్పెర్మమ్, రెండూ పసుపు పూలే పూస్తాయి, ఎక్కడ తుంచినా పాలే కారతాయి.

ముందు అది డాండెలియనేనా అన్నది చూసుకోండి. పూకాడ నేల దగ్గర నుంచి నేరుగా లేవాలి, లోపల బోలుగా ఉండాలి, చివర ఒక్కటే పువ్వు. కాడ చీలి కొమ్మలేసిందా, అది వేరే మొక్క.

ఇక గింజ. పువ్వు అయిపోయాక దాని చోట వచ్చే తెల్లటి నూగు బంతి పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, బాగా పండిన గింజలు నాలుగైదు తెల్ల కాగితం మీద రాల్చుకుని పగటి వెలుతురులో చూడండి. బూడిద కలిసిన గోధుమ రంగులోనో, కాస్త ఆలివ్ పచ్చ తిరిగినట్టో ఉంటే మామూలుది. ఇటుక ఎరుపు నుంచి ఊదా కలిసిన ఎరుపు దాకా ఉంటే ఎర్రగింజది. 10 రెట్లు పెద్దగా చూపే లెన్స్ ఉంటే గింజ పైకొసన బుల్లి ముళ్లు కూడా కనిపిస్తాయి, చూడ్డానికి భలే ఉంటాయి గానీ రెండిట్లోనూ ఉంటాయి కాబట్టి వాటితో పని జరగదు. పచ్చి గింజతో మాత్రం తేల్చకండి, రంగు ఇంకా ఎక్కి ఉండదు.

గింజలు రాలిపోయాయా? అప్పుడు పువ్వు అడుగున ఉండే పచ్చటి చిన్న ఆకుల వరుసలు చూడండి. మామూలుదానిలో బయటి వరుస బాగా కిందికి మడుచుకుని ఉంటుంది, ఎర్రగింజదానిలో అంతగా వంగదు, పైగా లోపలి వరుస కొసల్లో చాలాసార్లు చిన్న కొమ్ములాంటి బొడిపె ఉంటుంది.

ఆకు చివరి సాక్ష్యమే. ఎర్రగింజదాని ఆకు మొదలు నుంచి కొస దాకా ఈనె దగ్గరికంటా సన్నగా చీలి ఉంటుంది, మామూలుదానికి కొసన పెద్ద తమ్మె మిగులుతుంది. కాకపోతే నీడలో పెరిగినా, లేతగా ఉన్నా, పదేపదే కోత పడినా ఆకు ఆకారం మారిపోతుంది. అందులోనూ ఈ మొక్కల్లో చాలావాటికి పరాగసంపర్కం లేకుండానే గింజ కడుతుంది, ఏ తల్లి మొక్క పోలిక ఆ పిల్లలకే దిగుతూ లెక్కలేనన్ని చిన్నచిన్న రకాలు తయారయ్యాయి. పొడి ఇసుక నేలలో కనిపిస్తే ఎర్రగింజదని అనుమానించొచ్చు, అంతవరకే. గింజ దొరకకపోతే 'డాండెలియన్, రకం తేలలేదు' అని రాసుకుని, పువ్వును పక్క నుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోండి.