సాగు నేర్చుకోవాలంటే ఒక వానాకాలం రైతు వెంట ఉండండి

వీడియోలు చూసి రసాయనాలు లేని సాగుకని ఎకరం కౌలుకు పట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది, ఎందుకంటే నేనూ అట్లనే మొదలుపెట్టాను. మిరుగులో (మృగశిర కార్తెలో) పడ్డ మొదటి వానకే పత్తి గింజలు పెట్టేశాను, పైన తడి చూశానే గానీ జానెడు తవ్వి చూడలేదు, తర్వాత పది రోజులు చినుకు లేదు, సగం గింజలు మొలవలేదు. మరుసటి ఏడు జనగామ వైపు ఒక పెద్దాయన దగ్గర పనికి చేరాను. ఆయన మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసేదాకా గింజ సంచి విప్పలేదు.

రైతును ఎట్లా వెతకాలంటే, మామునూరు లేదా మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. లింగాల ఘనపూర్ మండలం ఏనెబావికి కూడా పోయి రండి, ఊరంతా రసాయనాలు వదిలేశామని 2006లోనే ప్రకటించుకున్న ఊరది. ఎవరి దగ్గరికి పోయినా మాటల కంటే ముందు పెండకుప్ప, పశువులు, గెట్ల మీది చెట్లు చూడండి. తిండి, ఉండే చోటు, కూలి సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి, మొహమాటం వద్దు. ఒక ఐదు గుంటలు మీ చేతికే ఇవ్వమని అడగండి, అందులో ఏది చెడినా నష్టం నేనే భరిస్తానని ముందే చెప్పండి.

చేరేది రోహిణి కార్తెలో. చెరువు ఎండినప్పుడే ఒండ్రుమట్టి తోలాలి, వేపపండ్లు రాలేది కూడా దాని తర్వాతనే, ఏరి ఎండబెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి. 5 కిలోల వేపపప్పు దంచి రాత్రంతా నానబెట్టి వడకట్టి, 100 లీటర్ల నీళ్లలో కలిపి, కాస్త సబ్బుపొడి వేసి పురుగుల మీద సాయంత్రం కొట్టాలి.

నేలకు బలానికి పోసే జీవామృతం లెక్క అందరికీ తెలుసు: ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పెండ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గెట్టు మీది పిడికెడు మట్టి. నీడన పెట్టి రెండు రోజులు పొద్దున, సాయంత్రం కలపాలి. అయితే పులిసిన వాసనకూ కుళ్లిన వాసనకూ తేడా డ్రమ్ము పక్కన నిలబడితేనే తెలుస్తుంది. తడి లేని నేలలో పోస్తే లాభం లేదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్చుకునేది పొద్దున్నే చేనులో తిరిగినప్పుడే. ఆకు తిప్పి చూడండి, పేనుబంక కనిపించగానే పంపు ఎత్తకండి, పక్కనే దాన్ని తినే అక్షింతల పురుగులు ఉంటే నాలుగు రోజులు ఆగి చూడండి. గెట్ల మీద ఆముదం ఎందుకు వేశారో అడగండి, లద్దెపురుగు తల్లిపురుగు ముందు దాని ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తెంపి నలిపేయడం మీ పని. పత్తి సాళ్ల మధ్య కంది కూడా ఉండాలి, ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది.

పత్తి ఏరగానే ఇంటికి పోకండి, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ దాకా బండి వెంట పోండి. తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదు, అందుకే ఇంటి దగ్గరే బాగా ఆరబెట్టాలి. వచ్చి ఆ రాత్రే మీ రైతుతో కూర్చుని గింజల నుంచి బండి కిరాయి దాకా లెక్క రాసుకోండి, మీ ఐదు గుంటల లెక్క వేరే పేజీలో రాయండి.