మోర్గాన్ డాలర్ చేతికొస్తే కరిగించే ముందు చూడాల్సినవి

పాత అమెరికా వెండి నాణెం మోర్గాన్ డాలర్‌ను ప్రొద్దుటూరు వెండి దుకాణంలో చూపిస్తే ముందుగా వినపడేది కరిగింపు ధరే. 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించిన ఈ నాణెంలో 90 శాతం వెండి, తక్కింది రాగి. అంటే 24 గ్రాముల పైచిలుకు వెండి. అరుదైనదైతే ఈ లెక్క దేనికీ పనికిరాదు. కాబట్టి గీటురాయి మీద గీయనివ్వద్దు, అంచుకు ఆకురాయి పెట్టనివ్వద్దు.

తూకం 26.73 గ్రాములు. 0.01 గ్రాము చూపే కాటా కావాలి. అరిగినది కాస్త తగ్గుతుంది గానీ, కొత్తదానిలా మెరుస్తూ 26 కూడా తూగకపోతే నకిలీ అనుకోండి. తర్వాత కాటా మీద చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టి, అంకె సున్నా చేసి, నాణేన్ని సన్న నూలుదారంతో కట్టి అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. 2.6 దగ్గర చూపాలి. 3 దాటితే లోపల వేరే లోహం. బుడగలు అంటుకున్నా అంకె పెరుగుతుంది, ఓసారి ఊపి మళ్లీ చూడండి.

ఇక బొరుసు తిప్పండి. గద్ద కింద, దండ ముడికి దిగువన, ముద్రించిన ఊరిని తెలిపే చిన్న అక్షరం ఉంటుంది: సీసీ అంటే కార్సన్ సిటీ, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లీన్స్. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. 1893 ఎస్ ముద్రించింది లక్షే. అందుకే ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికించి అమ్మేవాళ్లున్నారు. పది రెట్ల భూతద్దంలో అక్షరం చుట్టూ అతుకు గీత వెతకండి. అసలుదానికి బొమ్మ వైపు, లిబర్టీ అన్న మాటలోని టి అక్షరం పైభాగంలో సన్నని ఏటవాలు గీత ఉంటుంది.

ముద్రించిన లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. 1884లో సీసీ 11,36,000, ఎస్ 32,00,000. సీసీయే అరుదనిపిస్తుంది కదా? కానీ సీసీల్లో చాలా భాగం ఖజానా సంచుల్లోనే ఉండిపోయి 1970లలో జనానికి అమ్ముడయ్యాయి, కొత్తవి బోలెడు. ఎస్‌లు చేతులు మారి అరిగాయి. అరిగిన ఎస్ మామూలుదే, అరగని ఎస్ దొరకడం మహా కష్టం. చెవి పైన జుట్టు, గద్ద రొమ్ము: అరుగుదల ముందు తెలిసేది అక్కడే. బల్బు కింద వంచి తిప్పితే, అరగనిదాని మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది.

ఆ వెలుగు ఒక్కసారి తోమితే పోతుంది, మళ్లీ రాదు. పండగకు వెండి సామాను తోమినట్టు విభూతి, చింతపండు అస్సలు వద్దు, నల్లబడ్డా అలాగే ఉంచండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే మన ఎండలకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. అలా పడితే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వండి. దగ్గర్లో పొయ్యి ఉండకూడదు.