యాభై వేలకు నిశ్చితార్థపు వజ్రపుటుంగరం ఎంచుకోవడం ఎలా?

దుకాణం మెట్లెక్కక ముందే చేతిలో ఉన్న డబ్బును మూడు భాగాలుగా విడదీసి కాగితం మీద రాసుకోండి: రాయికి ఎంత, బంగారానికి ఎంత, మజూరీకీ జీఎస్టీకీ ఎంత. బరంపురంలో మా మేనల్లుడికి జయపురం సంబంధం కుదిరినప్పుడు వాడు కూడబెట్టుకున్నది యాభై వేలు. అప్పు మాత్రం చేయనన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అందుకే దుకాణాలకు నేనే వెంట వెళ్లాను.

ముందు బంగారం సంగతి తేల్చుకోండి. ఇప్పటి ధరల్లో డబ్బు మింగేసేది అదే. మన పెద్దవాళ్లు 22 క్యారెట్లకు తగ్గితే ఒప్పుకోరు. గాజులకూ గొలుసులకూ అది సరే కానీ, వజ్రం పొదగడానికి అంత మెత్తని బంగారం మంచిది కాదు. రాయిని పట్టి ఉంచే కొక్కేలు వంగిపోతాయి. 18 క్యారెట్లలో 75 శాతం, 14 క్యారెట్లలో 58.5 శాతం మేలిమి ఉంటుంది. మూడు గ్రాముల ఉంగరంలో ఈ తేడా దాదాపు అర గ్రాము మేలిమి. ఆ డబ్బు రాయికి పెట్టుకోవచ్చు. నేను 14 క్యారెట్లే మేలన్నాను. మా వదినకు మొదట నచ్చలేదు. ఉంగరం లోపలి వైపున్న 14కె585 ముద్ర చూపించి, పక్కనున్న ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన నగ గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీని ప్రభుత్వ ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసి చెప్పాక ఒప్పుకుంది. రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. కాబట్టి మరీ సన్నటి ఉంగరం జోలికి పోకండి.

ఇక రాయి. ఇక్కడ క్యారెట్ అంటే బరువు, 0.2 గ్రాములు. దుకాణాల్లో దాన్ని నూరు సెంట్లుగా లెక్కపెడతారు. ధర బరువుతో పాటు సమానంగా పెరగదు, 30, 50, 100 సెంట్ల దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. 30 సెంట్ల గుండ్రటి రాయికీ 28 సెంట్ల రాయికీ వెడల్పులో తేడా మిల్లీమీటరులో పదో వంతు. వేలి మీద అది ఎవరి కంటికీ ఆనదు. అందుకని ఆ అంకెలకు కాస్త దిగువనున్న రాళ్లే చూపించమని అడగండి. ఒంటి రాయే కావాలన్న పట్టుదల లేకపోతే ఇంకో మంచి దారి ఉంది. మన అమ్మమ్మల ఏడు రాళ్ల కమ్మల తీరులో చిన్న రవ్వలను పువ్వులా పొదిగిన ఉంగరం. చిన్న రవ్వలకు క్యారెట్ ధర బాగా తక్కువ, చూపుకు మాత్రం నిండుగా ఉంటుంది. మా వాడు తీసుకున్నది అదే.

కట్ విషయంలో, అంటే రాయిని కోణాలుగా చెక్కిన తీరులో, రాజీ పడకండి. లోపలికి వెళ్లిన వెలుగును తిరిగి మన కంటికి పంపేది ఆ కోణాలే. రంగు విషయంలో తగ్గవచ్చు: రంగు లేని డి నుంచి పసుపు తేలిన జెడ్ వరకు ఉండే వరుసలో జె రంగు రాయి కూడా పసుపు బంగారంలో తెల్లగానే కనిపిస్తుంది. స్వచ్ఛతలోనూ అంతే. మచ్చలు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో కూడా కష్టంగా కనిపించేంత చిన్నవైనందుకు, వీవీఎస్ తరగతి అన్న మూడక్షరాలకు మీరెందుకు అంత డబ్బు కట్టాలి? దాని కింది తరగతుల్లో, కంటికి శుభ్రంగా ఉన్న వీఎస్2 చాలు. ఆ శుభ్రత కూడా దుకాణం దీపాల కింద తేలదు. బరంపురం పట్టుచీర రంగు గుమ్మంలోకి తెచ్చి చూసినట్టే ఉంగరాన్నీ పగటి వెలుగులో చూడండి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా అసలైన వజ్రమే, అదే కార్బన్. అదే డబ్బుకు ఎంతో పెద్ద రాయి వస్తుంది. తిరిగి అమ్మితే వచ్చేది మాత్రం చాలా తక్కువ. అమ్మే ఉద్దేశం లేనివాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అయితే అమ్మాయివాళ్లకు ముందే చెప్పండి. దాచిపెట్టి తొడగవలసిన ఉంగరం కాదిది. అమెరికన్ డైమండ్ అని అమ్మేది మాత్రం వజ్రమే కాదు, క్యూబిక్ జిర్కోనియా. వజ్రంలా మెరిసే మరో రాయి మోయిసనైట్ కూడా వజ్రం కాదు. వేడిని మాత్రమే కొలిచే పరీక్ష పెన్ను దాన్ని వజ్రమనే చూపిస్తుంది. అందుకే వజ్రాలను పరీక్షించే సంస్థలైన జీఐఏ లేదా ఐజీఐ సర్టిఫికెట్ అడిగి, దాని నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి.

బిల్లులో రాయి బరువు తీసేసి బంగారం తూకం వేశారా అన్నది తప్పక చూడండి. లేకపోతే రాయికి రెండుసార్లు కట్టినట్టే. మజూరీ బేరమాడవచ్చు. తిరిగి ఇస్తే రాయికి ఎంత శాతం లెక్కగడతారో బిల్లు మీదే రాయించుకోండి. బరంపురంలో కొన్నా, ఇచ్ఛాపురంలో కొన్నా, విశాఖలో కొన్నా నగ మీద జీఎస్టీ 3 శాతమే. విశాఖలో రకాలు ఎక్కువే కానీ, సైజు మార్చాలంటే మళ్లీ రైలెక్కాలి.

వేలి కొలతకు దారాన్ని నమ్మకండి, సాగుతుంది. అమ్మాయి ఆ వేలికే పెట్టుకునే ఉంగరం ఒకటి తెప్పించి, దుకాణంలో అంకెలున్న కడ్డీకి తొడిగి చూడమనండి. చుట్టూరా రాళ్లున్న ఉంగరాన్ని తర్వాత పెంచడం, తగ్గించడం కష్టం. ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందే ఆర్డరు ఇవ్వండి.