విసురువల ఒక పక్క విచ్చుకోవడం లేదా? చెయ్యి మార్చుకునే ముందు వల చూడండి

వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలు తేలాక విసురువల నేర్చుకునే కుర్రాళ్ళు చాలామంది కనిపిస్తారు. అడిగితే అందరిదీ ఒకే మాట, "చెయ్యి తిరగట్లేదన్నా" అని. నిజానికి చాలామందికి చెయ్యి బాగానే తిరుగుతుంది. విసిరే ముందు వలని తాడు కట్టే కొన దగ్గర పట్టుకుని పైకెత్తి ఒక్కసారి చూడరు, గొడవంతా అక్కడే. తాడు మణికట్టుకి తగిలించుకోవడం, మడతలు వెయ్యడం, అంచు పంటితో పట్టుకోవడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

వల మొత్తం ముద్దగా పడుతోంది

భుజంతో విసురుతున్నారు. నడుము తిప్పండి, చేతులు దాని వెంటే వస్తాయి. కొత్త నైలాన్ వల అయితే ముందు నీళ్ళలో బాగా తడపండి. పొడిగా ఉంటే బిరుసుగా ఉండి సరిగ్గా విచ్చుకోదు. వల అంచున ఉండే సీసం గుళ్ళు రెండు చేతులకీ దాదాపు సమంగా పంచారో లేదో చూసుకోండి. నేర్చుకునేటప్పుడు కొన నుంచి అంచు దాకా నిలువు ఏడెనిమిది అడుగులు మించిన వల వద్దు. పంటితో పట్టేది రెండు గుళ్ళ మధ్య తాడునే, గుండుని కాదు. అది సీసం, నోట్లో పెట్టుకునే వస్తువు కాదు.

ఒక పక్క విచ్చుకుని, ఇంకో పక్క మూసుకుని నెలవంకలా పడుతోంది

ఇక్కడే అందరూ మోసపోతారు. చెయ్యి తప్పినా వల ఇలాగే పడుతుంది, వలలో చిక్కు ఉన్నా ఇలాగే పడుతుంది. చూడ్డానికి తేడా తెలియదు. అందుకే ఉన్న చిక్కు వదిలేసి నెలల తరబడి చెయ్యి మార్చుకుంటూ ఉంటారు, లేదా వల మంచిది కాదని ఇంకోటి కొంటారు.

ముందు దోషం ఎక్కడుందో తేల్చుకోండి. అంచు తాడుకి ఒకచోట ఎర్ర దారం కట్టండి. ఆ దారం దగ్గర మొదలుపెట్టి మడత వేసి నాలుగైదు సార్లు గడ్డి నేల మీద విసరండి. తర్వాత దారానికి సరిగ్గా ఎదుటి వైపు నుంచి మడత మొదలుపెట్టి మళ్ళీ అన్నిసార్లు విసరండి. మూసుకునే పక్క ప్రతిసారీ దారానికి అంతే దూరంలో ఉంటే దోషం వలలో ఉంది. దారం ఎటు పోయినా మీ ఎడమ పక్కే మూసుకుంటుంటే దోషం చేతిలో ఉంది: ఎడమ మోచేతి మీద వేసుకున్న భాగం ఆలస్యంగా జారుతోంది. ఆ భాగం తగ్గించుకోండి, విసిరేటప్పుడు మోచెయ్యి దించండి. సిమెంటు నేల మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, వల కళ్ళు (అల్లికలోని రంధ్రాలు) తెగుతాయి.

దోషం వలలోనే అని తేలితే, చాలాసార్లు ఒక గుండు, తన పైనున్న వల కన్నులోంచి దూరి అవతలికి వెళ్ళి ఉంటుంది. తడి వలని అలాగే బకెట్లోనో సంచిలోనో కుక్కినప్పుడు, చేపలు దులిపేటప్పుడు ఇది జరుగుతుంది. గుండు అలా దూరితే అక్కడ అంచు పైకి కట్టేసినట్టు అవుతుంది. వల గాల్లో తిరిగేటప్పుడు మిగతా గుళ్ళు బయటికి లాగుతాయి, ఆ పక్క మాత్రం రాదు. అంచుని లోపలికి మడిచి అడుగున సంచుల్లా కట్టిన వలలో ఇంకా కష్టం: దూరిన గుండు సంచిలో ఉన్నట్టే కనిపిస్తుంది, మన చూపు దాన్ని దాటి వెళ్ళిపోతుంది.

వెతకాల్సింది వేళ్ళతో. వలని కొనతో చెట్టు కొమ్మకి వేలాడదీయండి. అంచు తాడుని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో గుండూ తాకుతూ చుట్టూ నడవండి. చిక్కు ఉన్నచోట తాడు కిందికి వేలాడదు, పైకి లాగినట్టు ఉంటుంది. దానిపైన కళ్ళు తెరుచుకోకుండా సన్నగా ఒక పక్కకి సాగి ఉంటాయి. అక్కడ ఆగండి. కిందికి గుంజకండి, గుంజితే బిగుస్తుంది, సన్న దారం తెగుతుంది. గుండుని కాస్త పైకెత్తి తాడు వదులు చేసి, అది దూరిన కన్నులోంచే వెనక్కి తియ్యండి. ఒక్కోసారి వరసగా రెండు మూడు గుళ్ళు దూరి ఉంటాయి. చివర దూరింది ముందు రావాలి. ఓపిక పట్టండి, కత్తి జోలికి పోకండి.

ఆ తర్వాత ప్రతిసారీ విసిరే ముందు కొన పట్టుకుని ఎత్తి, ఒక్క విదిలింపు విదిలించి చూడండి. అంచు చుట్టూ ఒకే ఎత్తులో వేలాడాలి. అర నిమిషం పని. ఇంటికి వెళ్ళాక కడిగి, నీడలో వేలాడదీసి ఆరాకే సంచిలో పెట్టండి. ఎండలో నైలాన్ పాడవుతుంది.

విచ్చుకుంటోంది, నీళ్ళకి తగిలేలోపే ముడుచుకుంటోంది

మరీ ఎత్తుకి విసురుతున్నారు, లేదా తాడు చాలడం లేదు. తాడు కాలి కింద పడిందేమో కూడా చూసుకోండి.

గుండ్రంగా పడుతోంది, చేప మాత్రం లేదు

లోతు చూసుకోండి. బ్యారేజీ ఎగువన, ఘాట్ల దగ్గర నీళ్ళు లోతు. ఏడడుగుల వల అంత లోతుకి దిగేలోపే మూసుకుంటుంది. నీళ్ళు నడుము లోతుండే మడుగుల్లో విసరండి. తాడు వదులయ్యే దాకా ఆగండి, అప్పుడే గుళ్ళు అడుక్కి చేరినట్టు. ఆ తర్వాత నెమ్మదిగా, కొంచెం కొంచెంగా లాగితే గుళ్ళు నేల మీదే దగ్గరకొస్తాయి. ఆత్రంగా ఎత్తితే చేపలు కింద నుంచి పోతాయి.

గుళ్ళ బరువు తేడా, అంచు తాడు కుదించుకుపోవడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి. చిరుగు కనిపిస్తే కుట్టించుకోండి.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెబుతాను. బొత్తాల చొక్కా, గడియారం, కడియం, ఉంగరం తీసేయండి. వల కన్ను ఒక బొత్తానికి పట్టుకుంటే ఆ బరువుతో పాటు మనిషి కూడా నీళ్ళలోకి పోతాడు. దిగువన ఉన్నప్పుడు గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే వల ఎక్కడున్నా వదిలేసి గట్టెక్కండి. తాడు ముడి మణికట్టు నుంచి ఒక్క లాగుతో ఊడేలా ఉందో లేదో ఒడ్డునే చూసుకుని దిగండి.