ట్యూబ్ యాంప్లిఫయర్‌లో హమ్ ఎక్కడిదో పట్టుకోవడం

ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే మోత) ఆగితే తప్పు ఇన్‌పుట్ వైపు ఉంది: కేబుళ్లన్నీ తీసి ఒక్కొక్కటే పెట్టి చూడండి. గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగలూ కేబుళ్లూ కలిసి చుట్టులా ఏర్పడడం) అనిపిస్తే పరికరాలన్నిటికీ ఒకే సాకెట్ నుంచి కరెంటివ్వండి. ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ఆగకపోతే స్వరం వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్. మెత్తటి 50 హెర్ట్జ్ మోత అయితే హీటర్ (ట్యూబును లోపల వేడిచేసే తీగ) వైపు అనుమానించండి. ముందు ట్యూబు మార్చి చూడండి. హీటర్‌కు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన తీగ) గానీ, గ్రౌండ్‌కు వేరే దారి గానీ లేకపోతే రెండు కొసల నుంచీ గ్రౌండ్‌కు చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయాలి.

గరగరలాడే 100 హెర్ట్జ్ అయితే చాలావరకు ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లే (డీసీలో ఎగుడుదిగుళ్లను సరిచేసేవి). ప్లగ్ పీకినా వాటిలో 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. మార్చి వేసే కొత్త కెపాసిటర్ వోల్టేజీ రేటింగ్ పాతదానికి తగ్గకూడదు. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) కూడా ట్యూబే అయితే మొదటి కెపాసిటర్ విలువ పెంచకండి, ఆ ట్యూబు మాడిపోతుంది.