షోర్యుకెన్ ప్రతిసారీ పడాలంటే చేతి కన్సోల్‌పై ఎలా సాధన చేయాలి?

హన్మకొండలో ఇద్దరు గేమర్లు చాయ్ దగ్గర కలిస్తే, చేతి కన్సోల్‌లో ఏ ఫైటింగ్ గేమ్ గొప్పదన్నదే పంచాయితీ. ఒకరికి సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీలో వచ్చిన టెక్కెన్ 6ను మించింది లేదు, ఇంకొకరికి నింటెండో స్విచ్‌లో స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ తప్ప మరోటి ఆనదు. నా లెక్కలో చేతి కన్సోల్‌కు స్ట్రీట్ ఫైటర్‌ను మించింది లేదు. ఆడేవాడి సత్తా అందులో ఒక్క దెబ్బతో బయటపడుతుంది: మీదికి దూకిన వాణ్ని షోర్యుకెన్‌తో, అంటే పైకి ఎగురుతూ కొట్టే పంచ్‌తో, గాల్లోనే కొట్టగలడా, లేదా? పొడవాటి కాంబోలు (వరుస దెబ్బలు) బట్టీపట్టి, ఇది మాత్రం రాక ఓడిపోయేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను.

కావలసినవి

మంచి డీ-ప్యాడ్ (దిక్కులు నొక్కే ప్లస్ ఆకారపు బటన్) ఉన్న కన్సోల్, ఒక స్ట్రీట్ ఫైటర్ గేమ్. స్విచ్ అయితే 2018లో వచ్చిన 30వ వార్షికోత్సవ కలెక్షన్ చాలు, 12 గేములుంటాయి. అయితే మామూలు స్విచ్ ఎడమ జాయ్‌కాన్‌ (పక్కన ఉండే కంట్రోలర్)పై నాలుగు విడి బటన్లే ఉంటాయి, అసలైన డీ-ప్యాడ్ ఉన్నది స్విచ్ లైట్‌కు. పీఎస్‌పీలో ఆల్ఫా 3 మ్యాక్స్ బాగుంటుంది కానీ దాని డీ-ప్యాడ్‌పై మూలలు (రెండు దిక్కుల మధ్య ఏటవాలు) తేలిగ్గా పడవు. ఫోన్ టచ్ స్క్రీన్‌పై సాధన వద్దు. వేలికి అంచు తగలదు, అలవాటు చెడిపోతుంది.

రియూను ఎంచుకోండి

ఇద్దరూ షోర్యుకెన్ కొట్టే పాత్రలే, కానీ కెన్ వద్దు, రియూనే. ట్రైనింగ్ మోడ్ తెరవండి. నొక్కినవి తెరపై చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

అసలు కష్టం ఇక్కడే

రియూ కుడివైపు చూస్తుంటే ముందుకు, కిందకు, ఆ రెండింటి మధ్య మూలకు, ఆ మూల దగ్గరే పంచ్. చదివితే ఇంతే. కానీ "అన్నా, హడోకెన్ పడ్తుంది గానీ ఇది పడ్తలేదే" అని తమ్ముళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. కారణం ఒకటే. వాళ్ల వేలు మూల దగ్గర ఆగడం లేదు, దాన్ని దాటి మళ్లీ ముందుకు జారుతోంది. కిందకు, మూల, ముందుకు, పంచ్ అంటే హడోకెన్ (చేతుల్లోంచి వదిలే శక్తి గోళం) కదా, కొన్ని గేములు దాన్నే తీసుకుంటాయి.

బొటనవేలి కొనతో నొక్కకండి. వేలి మెత్తటి భాగాన్ని డీ-ప్యాడ్ నడిమధ్యలో ఆనించి, అక్కడినుంచి ఎత్తకుండా వంచాలి. ముందువైపు వంచినప్పుడు గోరు పక్క అంచు, కిందకు వంచినప్పుడు వేలి మడత దగ్గరి కండ ఒత్తుకోవాలి. మూలకు వచ్చేసరికి రెండూ ఒకేసారి తగులుతాయి. ఆ రెండు ఒత్తిళ్లూ ఒకేసారి తెలిసే వరకు పంచ్ ముట్టుకోవద్దు. ముందు వేలినే ఆడించండి, నెమ్మదిగా. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు నడిచినా తొందరపడాల్సిన పనిలేదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది వేగం కోసం వెంపర్లాడి, మూలకు చేరకముందే పంచ్ కొట్టడం వల్లే.

కుడివైపు కుదిరాక రియూను ఎడమవైపు తిప్పి అదే చేయండి. ఇది తప్పనిసరి. ఒకవైపే నేర్చినవాడు, ప్రత్యర్థి తల మీదుగా దాటగానే ఖాళీ పంచ్ కొడతాడు.

షార్ట్‌కట్ల మాట కూడా చెప్పాలి. స్ట్రీట్ ఫైటర్ 4లో మూలను రెండుసార్లు నొక్కినా షోర్యుకెన్ పడుతుంది. 6లోని మోడర్న్ కంట్రోల్స్‌లో ముందుకు నొక్కి ఒక్క బటన్ కొడితే చాలు, కానీ అలా కొట్టిన దెబ్బ బలం మామూలులో 80 శాతమే. నా పద్ధతిలో కోత ఉండదు, పాత గేముల్లోనూ పనిచేస్తుంది.

దూకినవాణ్ని కొట్టడం

ప్రత్యర్థి కాళ్లు నేల వదలగానే కాదు, అతను కిందికి దిగడం మొదలయ్యాక కొట్టాలి. గురి తప్పినా, అతను బ్లాక్ చేసినా మీరు దిగేదాకా ఏమీ చేయలేరు, గట్టి దెబ్బ తింటారు. అందుకే దూకుతాడని ఊహించి కొట్టకండి, దూకడం చూసి కొట్టండి.

మనిషితో ఆడటం

కంప్యూటర్‌తో ఎంత ఆడినా చాలదు. 2019లో ఒకే ఏడాది ఫైటింగ్ గేముల పెద్ద పోటీలైన ఎవో జపాన్‌నూ, లాస్‌వేగస్ ఎవోనూ టెక్కెన్ 7లో గెలిచిన అర్స్‌లాన్ ఆష్ లాహోర్ ఆటగాడు. అక్కడ గట్టి పోటీ ఇచ్చే సాటివాళ్లున్నారు. మనకూ తోటివాళ్లు కావాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో వెళ్లేటప్పుడు దోస్తు దగ్గర కన్సోల్ ఉంటే చాలు. ఒక్క రౌండ్‌తో ఎవరు గొప్పో తేల్చకండి. ముందుగా 5 మ్యాచ్‌లు గెలిచినవాడిదే గెలుపు అనుకోండి, ప్రతి మ్యాచ్‌కూ వైపు మార్చుకోండి.