చలిదేశంలో కుండీలో అరటి: గెల దాకా తీసుకెళ్ళడం ఎలా?

మా న్యూజెర్సీలో మే నెల వస్తే చాలు, తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు అరటి మొక్క కొంటారు. మార్చి వచ్చేసరికి ఆ కుండీ ఖాళీ అయి గరాజ్ మూలకి చేరుతుంది. అడిగితే "చలికి పోయిందండీ" అంటారు. నన్ను పిలిచి చూపించిన మొక్కల్లో ఎక్కువ భాగం చలికి పోలేదు. చలికాలంలో పోసిన నీళ్ళకి కుళ్ళి పోయాయి. ఆ నాలుగైదు నెలల సంగతి తెలిస్తే మిగతాదంతా మామూలు కుండీ మొక్క పనే.

మొక్క, కుండీ

డ్వార్ఫ్ కావెండిష్ తీసుకోండి. మన పొట్టి పచ్చ అరటి ఇదే, వామనకేళి అన్నా ఇదే. కుండీలో ఐదారు అడుగులు పెరుగుతుంది. మూడడుగులే పెరిగే సూపర్ డ్వార్ఫ్ వద్దు. దాని ఆకులు పొట్టిగా, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, పండక్కి విస్తరి వేద్దామన్నా పనికిరావు. చక్రకేళి, అమృతపాణి రుచికి గొప్పవే గానీ బేస్‌మెంట్ పైకప్పుకి తగులుతాయి. మంచుని తట్టుకుంటుందని అమ్మే జపాన్ అరటి అందానికి మాత్రమే, దాని కాయలు తినలేం. ఊరి నుంచి సూట్‌కేసులో పిలక తెచ్చుకుందామని కూడా చూడకండి. అనుమతి లేకుండా తేవడం నేరం. పైగా బంచీ టాప్ లాంటి వైరస్ తెగుళ్ళు పిలకతోనే వచ్చేస్తాయి.

ఈ రకానికి చలిదేశపు గాజుగది కొత్త కాదు. డెవన్‌షైర్ ఆరో డ్యూక్ విలియం కావెండిష్ పేరే దీనికి వచ్చింది. ఇంగ్లండులో ఆయన చాట్స్‌వర్త్ భవనంలో తోటల అధికారి జోసెఫ్ పాక్స్‌టన్ 1830ల్లోనే దీన్ని గాజుగదిలో పెంచి కాయించాడు. ఆయనకి పొయ్యిలు పెట్టి వెచ్చగా ఉంచిన గది ఉంది, మనకి బేస్‌మెంట్ ఉంది.

పదిహేను గ్యాలన్ల ప్లాస్టిక్ కుండీ, కింద చక్రాల పీట, కుండీల కోసం అమ్మే మట్టిలో (పాటింగ్ మిక్స్) మూడో వంతు పెర్లైట్, అంటే నీరు నిలవకుండా చేసే తెల్లటి తేలిక గుళికలు. మట్టికుండీ వాడొద్దు, నిండితే ఇద్దరు పట్టినా కదలదు. తోటమట్టి అసలే వద్దు, గట్టిపడి నీరు దిగదు.

వేసవి

ఎండ, నీళ్ళు, ఎరువు, అంతే. జులైలో రోజూ నీళ్ళు. పొటాష్ ఎక్కువున్న ఎరువు రెండు వారాలకోసారి, ఆగస్టు చివర ఆపేయాలి. గాలి కొట్టని గోడ పక్కన పెడితే ఆకు చీలదు. పిలకలు వచ్చినవి వచ్చినట్టు తీసేయండి. గెల వేశాక మాత్రం కత్తిలా సన్నని ఆకులున్న సూది పిలక ఒకటి ఉంచండి. వెడల్పాటి ఆకుల నీటి పిలక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ బలం ఉండదు.

చలికాలం

మంచు పడేదాకా ఆగకండి. రాత్రి వేడి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగుతోందంటే లోపలికి తెచ్చేయాలి. మా దగ్గర అది దసరా రోజుల్లో వస్తుంది. దానికి రెండు వారాల ముందే నీళ్ళు తగ్గించండి, వాన పడుతుంటే చూరు కిందికి జరపండి. తడి కుండీని చలిలోకి దించడమే మొదటి తప్పు. లోపలికి తెచ్చేరోజు ఆకుల అడుగున గొట్టంతో కడగండి, లేకపోతే ఆకు రసం పీల్చే ఎర్రనల్లి కూడా వెంట వస్తుంది.

ఎక్కడ పెట్టాలి? బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్‌కి దూరంగా, 50 నుంచి 55 డిగ్రీలుండే మూల. చిన్న కిటికీ ఉంటే మంచిదే, లేకపోయినా పర్వాలేదు. చాలామంది ముందుగదిలో, హీటర్ గాలి వచ్చే కంత పక్కన పెడతారు. అక్కడి 70 డిగ్రీల వెచ్చదనం మొక్కని ఎదగమంటుంది, కానీ డిసెంబరు వెలుతురు అందుకు చాలదు. దాంతో పాలిపోయిన పీల ఆకులు వేసి, ఉన్న బలం ఖర్చు చేసుకుంటుంది. నిద్రపోనివ్వండి దాన్ని.

పైన రెండు ఆకులు, మొవ్వాకు (నడిమిన ఇంకా విచ్చుకోని ఆకు) ఉంచి మిగతావి కోసేయండి. బోదెని మాత్రం ముట్టుకోవద్దు. చోటు చాలదని సగానికి నరికేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అరటి బోదె చెట్టు మానులాంటిది కాదు, ఆకు తొడుగులు ఒకదాన్నొకటి చుట్టుకుని నిలబడ్డదే బోదె. పువ్వు కింద దుంపలో పుట్టి, ఆ బోదె మధ్యలోంచి పైకి వస్తుంది. బయల్దేరిన పువ్వు కత్తికి తెగిందా, ఆ బోదె ఇక జన్మలో గెల వెయ్యదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఆకులు దాదాపు లేవు, ఎండ లేదు, మట్టి చల్లగా ఉంది. వేరు నీరు తాగదు. పోసిన నీరు పోసినచోటే నిలిచి మట్టిలో గాలిని తోసేస్తుంది. వేరు ఊపిరాడక చస్తుంది, కుళ్ళు దుంపకి పాకుతుంది. పైకి కనిపించేది వాడిన ఆకు. అది చూసి "పాపం, దాహమేస్తోంది" అని ఇంకో చెంబు పోస్తారు. నా మొదటి మొక్కని నేను ఇలాగే, ఆదివారం ఆదివారం నీళ్ళు పోసి చంపుకున్నాను. రెండో మొక్కని బేస్‌మెంట్‌లో వదిలి సంక్రాంతికి ఊరెళ్ళాను. ఐదు వారాలు ఒక్క చుక్క పడలేదు. వచ్చి చూస్తే ఆకులు రెండూ ఎండిపోయాయి, బోదె రాయిలా ఉంది.

కాబట్టి ఆకు వంక చూడకండి, బోదె నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. తర్వాత సన్నటి వెదురు పుల్ల కుండీ అడుగుదాకా దించి పది నిమిషాలుంచి తీయండి. చెమ్మ అంటితే పోయొద్దు. పొడిగా వస్తేనే ఒక కాఫీ మగ్గుడు గోరువెచ్చని నీళ్ళు, అదీ కుండీ అంచు వెంట, బోదెకి తగలకుండా. నెలకోసారికి మించి నాకెప్పుడూ అవసరం పడలేదు. కుండీ కింద పళ్ళెం పెట్టకండి. బోదె మెత్తబడి వాసన వస్తే, మొవ్వాకు లాగగానే ఊడి చేతికొస్తే, అది కుళ్ళే. ఆ ఒక్క సందర్భంలోనే కత్తి పట్టాలి. తెల్లటి, శుభ్రమైన భాగం వచ్చేదాకా కోసి, మట్టి మార్చి, నీళ్ళు పూర్తిగా మానేయండి. దుంప గట్టిగా ఉంటే పక్కనుంచి పిలక వస్తుంది.

ఉగాది తొందర

ఉగాదికి ఒకరోజు ఎండ కాయగానే కుండీని డెక్ మీదికి లాగేస్తారు. మా దగ్గర ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. మార్చిలో ఎండ తగిలే కిటికీ దగ్గరికి మార్చి, మొవ్వాకు కదలడం మొదలెట్టాకే నీళ్ళు పెంచండి. మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటి, రాత్రులు 55 డిగ్రీలకి తగ్గనప్పుడే బయటికి తీయండి. మొదటి వారం నీడలోనే ఉంచాలి, లేకపోతే కొత్త ఆకు ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది.

గెల

నాకు మూడో వేసవి జులైలో పువ్వు వచ్చింది. ఐదు అత్తాలు వేసింది. కాయ కట్టడం ఆగి వట్టి మగపూలు వస్తున్నప్పుడు పువ్వు కోసేశాను, ఆవపెట్టి కూర చేసుకున్నాం. గెల ఉన్న చెట్టుకి పైన చెప్పిన చలికాలం నియమం వర్తించదు. దాని ఆకులన్నీ ఉంచి, బాగా ఎండ తగిలే వెచ్చని కిటికీ దగ్గర పెట్టాలి. పైన రెండంగుళాల మట్టి ఆరినప్పుడల్లా నీళ్ళు పోయాలి. కాయ పలకలు పోయి గుండ్రంగా నిండాక గెల కోసుకోవచ్చు, మాకు జనవరి అయింది.

గెల కోశాక ఆ బోదె పని అయిపోయినట్టే. ఇప్పుడు మొదలంటా నరకండి, లోపలి దవ్వని పెరుగుపచ్చడికి తీసుకోండి. సూది పిలక ఉన్న కుండీని బేస్‌మెంట్‌లోకి దించి, నీళ్ళ చెంబు మేడమీదే వదిలేయండి.